మలుపు దగ్గర మనిషి

వాన సన్నగా మొదలైంది. హెస్టర్ తన సైకిల్‌ను ముళ్ళపొదలకు ఆనించి, కుడివైపు దారికేసి చెయ్యి చాపి నిలబడింది. సైకిల్ క్లబ్బువాళ్ళంతా ఒక్కొక్కరే ఆ చెయ్యి చూసి మలుపు తిరిగి వెళ్ళిపోయారు. ఇక చివరివాడు రావాలి. ఆ చివరివాడు ఆమె భర్త డెరిక్.

క్లబ్బు పద్ధతి అది. ముందు నడిపే కెప్టెన్ ప్రతి మలుపులోనూ తన వెనకున్న మనిషిని దారి చూపడానికి దించి వెళతాడు. అందరికంటే వెనక వచ్చేవాడు తనను కలుపుకుని వెళ్ళేదాకా ఆ మనిషి కదలకూడదు. వానైనా సరే, పిడుగైనా సరే.

ష్రాప్‌షైర్ కొండల్లో వసంతకాలపు యాత్రకు ఇవాళ ఆఖరి రోజు. ముసలి మోంటీ కెప్టెన్ పదవి వదిలేస్తున్నాడు. ఈ మలుపు దాటాక వచ్చే టీ దుకాణంలో చేతులెత్తి కొత్త కెప్టెన్‌ను ఎన్నుకుంటారు. అక్కడ ఉన్నవాళ్ళకే పోటీ చేసే అవకాశం. అందరి నోటా హెస్టర్ పేరే ఉంది. ఏళ్ళ తరబడి వెనకబడినవాళ్ళకు పంక్చర్లు వేస్తూ, ఎదురుగాలిలో వాళ్ళకు అడ్డుగా తొక్కుతూ వచ్చింది. ఒక్కసారి ముందుండి నడిపించాలన్న కోరిక మాత్రం తీరలేదు.

"మొదట లేచే చెయ్యి నాదే, చూడు," అన్నాడు డెరిక్ పొద్దున సత్రంలో. "ఇవాళ వెనక నేనుంటాలే. మిల్లు దాటాక నువ్వు మోంటీ వెనకే తొక్కు. రాణీగారు ముందుండాలి కదా."

"రాణీగారి టోస్టు నువ్వెందుకు తినేశావు మరి?" అంది హెస్టర్ నవ్వుతూ.

ఇప్పుడు వాన పెరిగింది. దారి ఖాళీగా ఉంది. ఆ లోయలో ఫోన్ పనిచేయదు. వెనక మిల్లు దగ్గరి వంతెన రాళ్ళు తడిస్తే జారతాయి. డెరిక్ బ్రేకులు పాతవని ఆమెకు గుర్తొచ్చింది. జీవితంలో మొదటిసారి మలుపు వదిలేసి వెనక్కి తొక్కింది.

వంతెన మీద ఎవరూ పడిలేరు. పక్క పొలంలో ఒక పెద్దావిడ గొర్రెలను దొడ్లోకి తోలుతోంది. డెరిక్ పసుపు కోటు గుర్తు చెప్పి, అతన్ని చూశారా అని అడిగింది హెస్టర్.

"పసుపు కోటు మనిషా?" అందావిడ. "ఎప్పుడో పోయాడమ్మా, మిల్లు వెనక బాటన. మీవాళ్ళు అటు పోలేదు నాయనా అని కేకేశా. తెలుసులే అన్నట్టు చెయ్యూపాడు. ఈల కూడా వేసుకుంటున్నాడు."

ఆ బాట నేరుగా టీ దుకాణం వెనక తేలుతుంది. హెస్టర్‌కు తెలుసు. కిందటేడు అతనికి ఆ బాట చూపించింది తనే.

టీ దుకాణం తలుపు తోసేసరికి చప్పట్లు మోగుతున్నాయి. మోంటీ కెప్టెన్ గుర్తైన ఇత్తడి విజిల్‌ను డెరిక్ మెడలో వేస్తున్నాడు. డెరిక్ చేతిలో జామ్ పూసిన స్కోన్ బన్ను ఉంది.

"హెస్టర్?" మోంటీ చేతులు ఆగిపోయాయి. "కళ్ళు తిరిగాయని రైలెక్కి ఇంటికెళ్ళావన్నాడే డెరిక్?"

"నా కళ్ళు బాగానే ఉన్నాయి," అంది హెస్టర్. ఆమె బట్టల నుంచి నీళ్ళు నేల మీదికి కారుతున్నాయి. "నేను మలుపులోనే ఉన్నాను. నన్ను ఎవరూ కలుపుకోలేదు."

ఎవరూ కప్పు ఎత్తలేదు. మలుపులో మనిషిని వదిలేసి రావడమంటే ఏమిటో ఆ గదిలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

"ఊళ్ళో అందరూ నన్ను హెస్టర్ మొగుడు అంటారు," అన్నాడు డెరిక్ బల్లకేసి చూస్తూ. "ఒక్కసారి నన్ను నా పేరుతో పిలుస్తారేమోనని."

"అడిగితే నేనే తప్పుకునేదాన్ని కదా."

మోంటీ ఆ విజిల్ తీసేసి బల్ల మీద పెట్టాడు. "మళ్ళీ ఎత్తండి చేతులు. హెస్టర్ కోసం."

మొదట లేచిన చెయ్యి డెరిక్‌దే.

విజిల్ ఇంకా వెచ్చగా ఉంది. ఇన్నేళ్ళు కోరుకున్నది మెడలో పడింది, కానీ ఆమెకు దాని బరువు తప్ప ఏమీ తెలియలేదు.

"డెరిక్, నువ్వు నా వెనక రా. మోంటీ అందరికంటే వెనక ఉంటాడు," అంది తిరుగు ప్రయాణానికి సైకిలెక్కుతూ.

మొదటి మలుపులో ఆమె బ్రేకు వేసి, వేలితో చోటు చూపించింది. డెరిక్ దిగాడు. వాన అతని మొహం మీద కొడుతోంది.

"మోంటీ వస్తాడు కదా?" అన్నాడు.

"నేనూ ఎన్నో మలుపుల్లో ఇలాగే నిలబడ్డాను డెరిక్. ఇవాళ్టిదాకా నాకా అనుమానం రాలేదు."

మోంటీ వస్తాడు. మనిషిని వదిలేసి పోయే రకం కాదు. ఆ మాట చెబితే డెరిక్ స్థిమితపడేవాడు. హెస్టర్ చెప్పలేదు. ముందుకు తొక్కింది. అతని చూపు చాలాదూరం వీపుకు తగులుతూనే ఉంది.