సూదికి దాక్కున్న మనిషి

సూదులు వేసేవాళ్ళు జుమ్లా పట్నం నుంచి రెండు రోజులు కొండలెక్కి రినికోటకు వచ్చిన రోజున జౌకలాకు రెండో నెల. భర్త నర్జిత్ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, గొర్రెల మందను తోలుకుని ఉత్తరానికి, మంచుకొండల అవతలి భోటు దేశపు ఉప్పు తేవడానికి పోయాడు. ఒక్కో గొర్రె వీపున రెండేసి సంచుల ఉప్పు మోయించి తెచ్చి లోయంతా అమ్మడం ఆ ఇంటి వృత్తి. ఇంట్లో అత్త, జౌకలా, నెల కిందటే కాపురానికొచ్చిన తోటికోడలు ధనసరా మిగిలారు.

అత్త మెడ కింద చిన్న గుమ్మడికాయంత గళగండం వేలాడేది. ఆ ఊళ్ళో అదేమీ వింత కాదు. మెడ నున్నగా ఉన్న ఆడపిల్లనే కొంగమెడ అని ఏడిపించేవాళ్ళు. ధనసరా కింది ఊళ్ళ పిల్ల కావడంతో వచ్చిన రోజునే ఆ పేరు తగులుకుంది. జౌకలా మెడలో అప్పటికే కోడిగుడ్డంత గడ్డ లేచింది. ఇంటి పోలిక వచ్చిందని అత్త మురిసిపోయేది.

ఆ సూది పడితే ఆడదాని కడుపు ఎండిపోతుందని, వంశాలు తుంచడానికే సర్కారు పంపిందని అత్త చెప్పింది. జౌకలా ఇంకొకరి చేత చెప్పించుకోలేదు. ఇంటి కింద పశువుల కొట్టంలో గడ్డిమోపుల వెనక దూరింది. ధనసరా మాత్రం తమ ఊళ్ళో అందరూ వేయించుకున్నారనీ, ఎవరికీ ఏమీ కాలేదనీ అంటూ కొట్టం గుమ్మం దాకా వచ్చి పిలిచింది.

"అక్కా, లైను చిన్నగానే ఉంది. ఇద్దరం కలిసి పోయొద్దాం రా."

జౌకలా గడ్డి సందులోంచే తుపుక్కున ఉమ్మింది. "నీ కడుపు నువ్వు కాల్చుకో. నా జోలికి రాకు."

ధనసరా ఒక్కతే వెళ్ళి వేయించుకుంది. అందుకు అత్త చేతిలో చీపురుతో దెబ్బలు తింది. ఆ ఏడంతా జౌకలా నీళ్ళరేవులో నలుగురి ముందూ ఆమెను గొడ్డుమోతా అని పిలిచింది.

జౌకలాకు ఆడపిల్ల పుట్టింది. పన్సరా అని పేరు పెట్టారు. పిల్ల ఏడ్చేది కాదు. పాలకు కూడా లేపాల్సి వచ్చేది. నాలుక కొంచెం బయటికి పెట్టుకుని పొద్దస్తమానం నిద్రపోయేది. ఇంత బుద్ధిమంతురాలిని ఎక్కడా చూడలేదని ఊరి ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. జౌకలా పిల్లను గట్టున పడుకోబెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పూటంతా కలుపు తీసుకునేది. అందరి పిల్లలూ గుక్కపట్టి ఏడుస్తుంటే తన అదృష్టానికి తనే పొంగిపోయింది.

మరుసటి ఏడాది ధనసరా కూడా ఆడపిల్లనే కన్నది. ఆ పిల్ల చీకీ పుట్టింది మొదలు ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఏడాది తిరక్కుండా అడుగులేసింది, ఆ వెంటనే మాటలు మొదలుపెట్టింది. పన్సరా అప్పటికింకా గోడ పట్టుకుని నిలబడుతోంది. ఒకరోజు అటక మీది నుంచి ఇత్తడి గంగాళం ధన్‌మని పడింది. చీకీ జడుసుకుని తల్లి ఒళ్ళో దూరింది. గంగాళం పక్కనే కూర్చున్న పన్సరా తల కూడా తిప్పలేదు. జౌకలా రొట్టె పెనం మీద మాడిపోయేదాకా పిల్ల వైపు చూస్తూ ఉండిపోయింది.

తర్వాత పూనకం వచ్చే ధామీ దగ్గరికి తీసుకెళ్ళారు. మష్టో దేవుడికి కోపం వచ్చిందన్నాడు. రెండు మేకపోతుల్ని కోశారు. పిల్ల చెవులకు ఏమీ చేరలేదు. నర్జిత్ కొన్నాళ్ళు తల్లినీ కొన్నాళ్ళు పెళ్ళాన్నీ తిట్టి, ఆ పిల్ల వంక చూడటమే మానేశాడు.

పన్సరాకు ఏడో ఏడు నడుస్తుండగా సూదులవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి రమిలా అనే నర్సు ఇల్లిల్లూ తిరిగి మెడలు తడిమి రాసుకుంటోంది. పన్సరాను చూసి పెన్ను ఆపింది. పిల్ల నాలుగేళ్ళదానిలా ఉంది, మోకాళ్ళు బిగుసుకుపోయి నడుస్తోంది. కడుపుతో ఉన్నప్పుడు సూది వేయించుకున్నావా అని జౌకలాను అడిగింది. లేదని తల ఊపింది జౌకలా.

రమిలా ఆమె పక్కనే అరుగు మీద కూర్చుని చెప్పింది. గొంతులో సీతాకోకచిలుక రెక్కల్లా ఒక గ్రంథి ఉంటుందట. అందులో ఊరే రసమే ఒంటికి వేడి పుట్టిస్తుంది, గుండెను తగిన వేగంలో నడిపిస్తుంది. కడుపులో బిడ్డకు మెదడూ చెవులూ తయారయ్యేది కూడా ఆ రసం వల్లే. మొదటి నెలల్లో బిడ్డకు తనదంటూ ఆ గ్రంథి పనిచెయ్యదు, తల్లి గొంతులోంచే అందాలి. రసం ఊరాలంటే అయోడిన్ కావాలి, ఆ సూదిలో ఎక్కించేది అదే. ఈ కొండల మట్టిలో ఉన్నదంతా వానలకు ఎప్పుడో కొట్టుకుపోయింది. భోటు ఉప్పులోనూ లేదు. ఉన్న కాస్తనూ ఒడిసిపట్టుకోవడానికి గ్రంథి పెరిగి పెరిగి గడ్డవుతుంది.

అరుగు చివర ఉప్పు సంచి కుడుతున్న నర్జిత్ సూది పక్కన పడేసి లేచాడు. తన తాత ముత్తాతలు తిన్న ఉప్పుకు వంక పెడుతోందని రమిలాను నానా మాటలూ అని బయటికి పోయాడు. అత్త తన గడ్డ మీదికి చున్నీ లాక్కుంది. ఆ రోజు సూది గురించి ఎవరికి ఏం చెప్పానో తనకు గుర్తులేదంది.

"ఇప్పుడు వేస్తే?" అని అడిగింది జౌకలా.

"నీకు వేస్తానమ్మా. గడ్డ తగ్గొచ్చు, ఇకముందు పుట్టే బిడ్డ బాగుంటుంది."

"నేనడిగింది దాని గురించి."

రమిలా పన్సరా జుట్టు సవరించింది. "పుట్టిన కొత్తలోనైనా జబ్బు కనిపెట్టి ఉంటే కొంత మేలుండేది. మందిస్తే ఒళ్ళు కాస్త చురుకవుతుందేమో. పోయిన వినికిడి మాత్రం రాదమ్మా."

జౌకలా చెయ్యి చాపి సూది వేయించుకుంది. మర్నాటి నుంచి ధనసరాతో ఊరికే తగువు పెట్టుకోవడం మొదలెట్టింది. నీళ్ళు తక్కువ తెచ్చావని, ఫాపర్ పిండి ఎక్కువ వాడావని, చీకీ గట్టిగా నవ్విందని. ధనసరా దేనికీ ఎదురు చెప్పేది కాదు. చివరికి ఒకరోజు జౌకలా ఆమె చేతిలోని చేట లాగి పారేసింది.

"అనవే. ఆ రోజు పిలిస్తే రాలేదని ఒక్కసారి నోరారా అను. ఎందుకు మింగుతున్నావు?"

ధనసరా చేట తెచ్చుకుని మళ్ళీ గింజలు పోసుకుంది. "నేనంటే నీ బరువు కొంత నా మీదికొస్తుందక్కా. నేను మొయ్యను."

ఆ తర్వాత జౌకలా తగువులు మానేసింది. ఏడాదిలో ఆమె మెడ సగానికి సగం తగ్గింది. సూదులవాళ్ళు ఏటా రావడం మొదలయ్యాక, ఊళ్ళోకి కొత్త కోడలు వస్తే చాలు, పన్సరాను రెక్క పట్టుకుని ఆ ఇంటి ముందుకు తీసుకుపోయేది. సూదికి రానని మొండికేసినవాళ్ళ ఎదట పిల్లను నిలబెట్టి, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, సరిగ్గా చూడండి, మీ కడుపునా ఇలాంటిదే పుడుతుంది అనేది. ఆడపిల్లలు హడలిపోయి లైన్లో నిలబడేవారు.

ఒకసారి ధనసరా దారికి అడ్డం వచ్చింది. "దాన్నలా పశువును చూపించినట్టు చూపించకక్కా."

"దానికి వినపడదుగా" అంది జౌకలా.

అందరూ తననే చూస్తున్నారని పన్సరా సిగ్గుపడి, తల్లి కొంగు చాటున నవ్వుతోంది.