ఊ అన్నవాళ్ళదే పాట

పసుపు యార్డులో వేలం అప్పుడే మొదలైపోయింది, పూర్ణచంద్ర మాత్రం నాలుగు నెలల కూతుర్ని భుజాన వేసుకుని బస్తాల మధ్య ఇంకా దారి వెతుక్కుంటున్నాడు. బస్తా మీద కాలు వేస్తే దిండులా కుంగుతోంది, వాసన చూస్తే పసుపు కాదు, పిల్లకు నలుగు పెట్టే సున్నిపిండి, పైన రేకుల కప్పు నుంచి వాళ్ళింటి ఉయ్యాల వేలాడుతోంది. ఎత్తుబల్ల మీద నిలబడి వేలం వేస్తున్నది నాన్న బసవపున్నయ్య. ఆయన పోయి తొమ్మిదేళ్ళయిందని పూర్ణకు తెలుసు, కానీ పనిలో ఉన్న మనిషి దగ్గర ఆ మాట ఎత్తడం మర్యాద కాదనిపించి ఊరుకుంటాడు.

బతికున్న రోజుల్లో బసవపున్నయ్య యార్డులో వేలానికి గొంతెత్తితే దుగ్గిరాల స్టేషన్లో రైలెక్కేవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారట. ఆ గొంతు ఇంటి గడప దాటి లోపలికి ఏనాడూ రాలేదు. కన్నకొడుకుతో ఆయన ఆడిన మాటలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు, ఆ మౌనం మాత్రం కొడుక్కి పూర్తిగా సంక్రమించింది. పూర్ణ సబ్‌స్టేషన్లో రాత్రి డ్యూటీ చేసి పగలు ఇంట్లో ఉంటాడు. టీచరు చేసే భార్య హిమజకు కాన్పు సెలవు అయిపోయింది, రేపు సోమవారం నుంచి బడికి వెళ్ళిపోతుంది, ఇక పగలంతా చంటిది తన్మయి ఇతని చేతుల్లోనే. పాలు పడతాడు, గుడ్డలు మారుస్తాడు, అన్నీ ట్రాన్స్‌ఫార్మర్‌లో నూనె మార్చినంత జాగ్రత్తగా, అంత నోరు మూసుకునీ చేస్తాడు. పిల్ల మొహంలో మొహం పెట్టి కబుర్లు చెప్పాలయ్యా, మాటలు వింటూంటేనే దానికి బుర్ర వికసిస్తుంది అని టీకాల రోజున నర్సమ్మ చెప్పింది. ఏం కబుర్లు చెప్పాలో తెలియక, రెండు రోజులు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఊపిరి తీసుకోకుండా చదివి వినిపించాడు. అమ్మ గొంతుకు కేరింతలు కొట్టే పిల్ల, ఇతని దగ్గర మాత్రం తల తిప్పుకుని కిటికీ వైపు చూస్తుంది. తనకూ నాన్నకూ మధ్య ఉన్న ఎడమే రేపటి నుంచి తనకూ కూతురికీ మధ్య పెరుగుతుందని అతనికి భయం. ఆ భయాన్ని కలలోకి కూడా మోసుకొచ్చాడు.

"ఏందిరా అట్టా నిలబడ్డావు? ఆ సరుకు ఇట్టా తీసుకురా," అంటున్నాడు బసవపున్నయ్య బల్ల మీద నుంచి.

"సరుకు కాదు నాన్నా, నీ మనవరాలు."

"అయితే పాటదారు. ముందు వరసలో కూర్చోబెట్టు."

నాలుగు నెలల పిల్ల కూర్చోదని చెప్పేలోపే యార్డు ఖాళీ అయిపోయి ఒక్క చాప మిగిలింది, చాప మీద తన్మయి వెల్లకిలా పడుకుని కాళ్ళు తన్నుకుంటోంది, బసవపున్నయ్య తలపాగా తీసి పక్కన పెట్టి మనవరాలి మొహం మీదికి వంగాడు. వార్తలు చదివినట్టు చదువుకుంటూ పోతే వేలంలో ఎవడైనా నోరు విప్పుతాడా అని కొడుకును తగులుకుంటున్నాడు. షావుకార్లు కేకలు వెయ్యరట, ఒకడు కనుబొమ ఎగరేస్తాడట, ఇంకొకడు కాలి బొటనవేలు కదుపుతాడట, అదే వాళ్ళ పాటట.

"ఒక మాట అని ఆగాలిరా. ఆగితేనే గదా ఎదుటివాడికి సందు దొరికేది."

ఆయన "ఒకటోసారి" అని ఆగుతాడు. పిల్ల తన్నడం మానేస్తుంది. "రెండోసారి" అని ఆగుతాడు. పిల్ల కళ్ళు పెద్దవి చేసి, పెదాలు సున్నాలా చుట్టి, లోపల ఏదో వెతుక్కుంటోంది. పూర్ణకు ఆనందంగానే ఉంది గానీ అడగకుండా ఉండలేకపోయాడు.

"మరి నా దగ్గర ఎందుకు ఆగలేదు నాన్నా? అసలు మాటే అనలేదు గదా."

బసవపున్నయ్య తలెత్తకుండా చెబుతున్నాడు. "వసారాలో మా నాన్న ఉండేవాడురా. పెద్దాయన ముందు కన్నబిడ్డను ముద్దు చేస్తే సిగ్గులేనోడనేవాళ్ళు. నువ్వు మొట్టమొదట ఉంగా అన్నప్పుడు నేను కంచం ముందున్నా. నా వంక చూసే అన్నావు. తల దించుకుని అన్నం కలుపుకున్నా."

అంటూండగానే చాప వసారాలోకి వచ్చేసింది. నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న తాతయ్యను, అంత తప్పేముంది తాతయ్యా అని పూర్ణ నిలదీస్తే, నాదేముందిరా, నా ఎనక మా అయ్య ఉన్నాడు అంటాడాయన. చూస్తే నిజమే, ఆయన వెనక ఇంకో మంచం, దాని వెనక మరొకటి, వసారా సాగి సాగి కాలవ దాటి పొలాల్లోకి పోయింది, మంచానికొక ముసలాయన, ఎవరికి వారు వెనకవాడికి జడిసి ఇటు తిరగకుండా, చెవులు మాత్రం పిల్ల వైపు రిక్కించి పడుకున్నారు. ఇంతమంది మగవాళ్ళు ఇన్ని తరాలుగా ఒకరికొకరు సిగ్గుపడి ఇంత సంతోషం పోగొట్టుకున్నారా అని పూర్ణకు నవ్వు ఆగడం లేదు, కళ్ళలో నీళ్ళూ ఆగడం లేదు.

అప్పుడు తన్మయి "ఊ" అంది.

మంచాలన్నీ కిర్రుమన్నాయి. ఈ చివర నుంచి ఆ చివరిదాకా ముసలాళ్ళందరూ ఒక్కసారి ఇటు తిరిగి, పళ్ళున్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసి, "ఊ" అన్నారు. బసవపున్నయ్య అందరి ఎదుటా పిల్లను రెండు చేతులా పైకెత్తి, "ఊ అన్నావు గదమ్మా, పాట నీదే," అని ప్రకటించాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు. గొంతు ఎంత మెల్లగా ఉందంటే యార్డులో ఎవరూ నమ్మరు.

"నువ్వప్పుడన్నావే, దానికిరా. ఊ."

పూర్ణకు మెలకువ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, చాప మీద తన పక్కనే తన్మయి లేచి కాళ్ళు తన్నుకుంటోంది. నాలుగడుగుల దూరంలో, పొద్దున్నే ఊరి నుంచి వచ్చిన మామగారు కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆయన ముందు పిల్లతో మాట్లాడాలంటే పూర్ణకు చెవులు వేడెక్కాయి. అయినా బోర్లా తిరిగి, కూతురి మొహం మీదికి వంగి, తనకు తెలిసిన కబురే చెప్పాడు. "రాత్రి గాలికి ఫీడరు పోయిందమ్మా."

ఆగాడు. పిల్ల కాళ్ళు ఆగాయి. కిటికీ వైపు పోయిన చూపు మెల్లగా అతని కళ్ళ దగ్గరికొచ్చి నిలిచింది. చాలాసేపు పట్టింది, అతను కదల్లేదు.

"ఊ," అంది తన్మయి.

"అప్పుడేమో ఊరంతా చీకటి," అన్నాడు పూర్ణ, మళ్ళీ ఆగాడు.

పేపరు దించకుండానే, మామగారు "ఊ" అన్నారు.