తొమ్మిది చందమామల ఫ్రేము

జమ్మలమడుగులో నాగలతకు ఫోటో స్టూడియో ఉంది. ఆ స్టూడియో గోడకు ఆగస్టులోనే ఒక ఫ్రేము ఎక్కింది. అందులో ఫోటో లేదు. నల్ల అట్ట, ఆ అట్టలో వరసగా తొమ్మిది గుండ్రటి రంధ్రాలు. ఎవరైనా అడిగితే సెప్టెంబరు ఏడు దాటినాక వచ్చి చూడమని చెప్పేది.

2025 సెప్టెంబరు ఏడు ఆదివారం. ఆ రాత్రి 9:57కు చంద్రగ్రహణం పడుతుంది, 1:26కు విడుస్తుంది. ఇరవై ఆరు నిమిషాలకొకటి తీస్తే తొమ్మిది ఫోటోలు. నడిమి మూడింటిలో చంద్రుడు ఎర్రగా ఉంటాడు. ఏడేళ్ళ కింద, ప్రొద్దుటూరులో గౌస్ మొహిద్దీన్ దగ్గర పని నేర్చుకుంటున్నప్పుడు, నాగలత ఇలాంటి గ్రహణానికే కాచుకుంది. ఆ రాత్రి మబ్బు పట్టింది. ఈసారి మబ్బు లేదు. కానీ ఆమెకు ఏడో నెల.

కడుపుతో ఉన్నామె గ్రహణం చూడకూడదు. ఆ సంగతి దగ్గరుండి చూసుకోవడానికే అత్త పెద్దసుబ్బమ్మ పెద్దముడియం నుంచి పొద్దున బస్సుకు వచ్చింది. గొర్రెలను మరిదికి అప్పగించి, రోకలి, గరిక కట్ట, తాను కప్పుకునే నల్ల కంబళి వెంట తెచ్చుకుంది.

నాగలత వాదించలేదు. ఫోటోలు తన భర్త మధు తీస్తాడని చెప్పింది. వారం రోజులు అతనికి నేర్పింది. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు మిద్దె ఎక్కి కెమెరాను స్టాండుకు బిగించింది. చంద్రుడి మీద ఫోకస్ చేసి, లెన్సు కదలకుండా టేపు వేసి, తొమ్మిదికి దిగింది. తొమ్మిదీ పదికి మధు ఫోన్ చేశాడు. అతను కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో పని చేస్తాడు.

"నా తర్వాత డ్యూటీకి పులివెందుల నుంచి రావల్సినోడు ఇంగా రాలా. బండి పంచరంట. వాడొచ్చేదాకా నేను కదిలేదానికి లే."

"ఎప్పుడొస్తాడంట?"

"ఏమో. నువ్వు మాత్రం పైకి పోవాకు. మాయమ్మ నన్ను చంపుతాది."

నాగలత ఫోను పక్కన పెట్టి మంచం మీద కూర్చుంది. గడప దగ్గర పెద్దసుబ్బమ్మ ఇత్తడి తట్టలో నీళ్ళు పోసి రోకలి సిద్ధం చేసుకుంటోంది. గ్రహణం పట్టినప్పుడు రోకలి దానంతట అది నిలబడుతుందని, విడిచినాక పడిపోతుందని ఆమె లెక్క.

"ఏంది మ్మే, మొగం అట్ల పెట్టినావు?"

నాగలత చెప్పింది.

"పోనీలే. ఆ గోడకు ఇంగేదన్నా తగిలిచ్చు."

"తొమ్మిది బొక్కలు కొట్టిచ్చినా అత్తా. వచ్చినోళ్ళంతా అడుగుతాండారు."

పెద్దసుబ్బమ్మ రోకలిని పక్కన పెట్టింది.

"దాన్ని నొక్కేది యాడ?"

"నువ్వా?"

"నేను కడుపుతో లేను గదా."

నాగలత మంచానికి సరిగ్గా పైన, వెలుతురు కోసం మిద్దెకు వదిలిన గవాచి ఉంది. దాన్ని పెద్దసుబ్బమ్మ సాయంత్రమే గోనెపట్టతో మూసింది. కెమెరా ఆ పట్టకు రెండడుగుల దూరంలో ఉంది. పైమాట కిందికి, కిందిమాట పైకి వినపడుతుంది. తీసిన ఫోటో తెచ్చి చూపిస్తావా అంటే పెద్దసుబ్బమ్మ ఒప్పుకోలేదు.

"బొమ్మలో చూసినా చూసినట్టే. విడిచినాక చూద్దువు."

పెద్దసుబ్బమ్మ తట్టలో రోకలి నిలబెట్టి, మిద్దె ఎక్కి, 9:57కు మొదటి ఫోటో తీసింది.

"ఎట్లుంది అత్తా?"

"తెల్లగుంది. సున్నం కొట్టినట్టుంది."

"మచ్చలు కనపడతాండాయా? జొన్నరొట్టె మింద మాడిన మచ్చలు మాదిరి?"

"ఒగటీ లే."

నాగలత అన్నీ సరిచేసే దిగింది. ఆలోచించి అడిగింది.

"దాని మింద ఏమన్నా పెట్టినావా?"

"గరిక పెడ్తి. ఊరగాయ జాడీకి పెట్టినా, దీనికీ పెట్టినా. చక్రం సందులో."

"అత్తా, ఆ చక్రం తిరిగి వెలుతురు ఎక్కువయింది. గరిక తీసేసి కుడికి మూడు టిక్కులు తిప్పి, మళ్ళీ నొక్కు."

"ఆ, ఇప్పుడు రొట్టె మాదిరుంది. ఒగ పక్క ఎలక కొరికినట్టుంది."

"అదే గ్రహణం."

10:23కు రొట్టె సగం అయింది. 10:49కు అంచు మిగిలింది. ప్రతిసారీ పెద్దసుబ్బమ్మ కెమెరాను చంద్రుడి వైపు తిప్పుకుంది; కింది నుంచి టిక్కులు పోయాయి, పైనుంచి రొట్టె సంగతి వచ్చింది. 11:15కు పెద్దసుబ్బమ్మ, "తెరంతా నలుపు. ఏం పడలా" అంది.

"పైకి చూడు అత్తా. ఎట్లుండాడు?"

నాగలత రెండుసార్లు పిలిచింది.

"కాల్చిన కుండపెంకు మాదిరుండాడు మ్మే," అంది పెద్దసుబ్బమ్మ. "నేను ఎప్పుడూ చూడల్యా. నాకు నాలుగు కాన్పులు, ఆపైన కూతుర్లవి. గ్రానమొచ్చినప్పుడల్లా తలుపేసుకోని లోపలే వుంటి."

"ఎడమకు ముప్పై మూడు టిక్కులు. బిన్నా తిప్పు, టైము పోతాది."

పెద్దసుబ్బమ్మ వడ్లు కొలిచినట్టు, ఒకటికి బదులు లాభమని మొదలుపెట్టి, "లాభం, రెండు, మూడు" అంటూ తిప్పింది. నొక్కింది. తెర మీద రెండు పెంకులు వచ్చాయి. మళ్ళీ నొక్కితే మూడు. ఎనిమిది సెకన్లు తెరుచుకుని ఉండే కెమెరా, వేలు తగలగానే ఊగుతోంది. దానంతట అదే నొక్కుకునేలా పెట్టాలంటే ఇంగ్లిషు మెనూలోకి పోవాలి. పెద్దసుబ్బమ్మకు అంకెలు వచ్చు, ఇంగ్లిషు రాదు.

నాగలతకు గౌస్ మొహిద్దీన్ గుర్తొచ్చాడు. రీలు కెమెరా రోజుల్లో ఆయన లెన్సు ముందర నల్లగుడ్డ పట్టుకుని రాత్రి ఫోటోలు తీసేవాడు.

"నీ కంబళి యాడుండాది అత్తా?"

"భుజం మిందనే వుంది."

"లెన్సుకు తగలకుండా ముందర అడ్డం పట్టు. నొక్కు. మూడు లెక్కపెట్టు, ఊగేది నిలబడతాది. కంబళి తియ్. లాభం, రెండు. మళ్ళీ అడ్డం పెట్టు."

పైన లెక్క వినపడింది. తర్వాత టక్ మని చప్పుడు.

"ఒగడే వచ్చినాడు!"

"అంచు తెగినట్టుందా, నీళ్ళలో నానినట్టుందా?"

"తెగినట్టుంది."

11:41కూ, 12:07కూ అలాగే తీసింది. చంద్రుడి అంచు మళ్ళీ తెల్లబడగానే నాగలత టిక్కులు వెనక్కి తిప్పించింది. 12:33 ఫోటో అయినాక మధు బండి దిగి, పరుగున మిద్దె ఎక్కాడు.

"జరుగుమా, నేను తీస్తా. వారం నేర్చుకున్నా."

"అట్లయితే ఆడ నిలబడి చూడు. సెల్లు లైటు ఆర్పు, దీంట్లో పడ్తాది."

మిగిలిన రెండూ ఆమే తీసింది.

1:26కు గ్రహణం విడిచింది. తట్టలో రోకలి నిలబడే ఉంది. ఒకటిన్నర అయింది. నాగలత గది లోపలి నుంచి, "టైమయిపాయ అత్తా" అంది.

"రోకలి పడల్యా."

ఒకటీ నలభై దాటింది. రోకలి కదల్లేదు. నీళ్ళు తోడటానికని మధు గడప దాటాడు. అతని కాలు తట్టకు తగిలింది. రోకలి పడింది.

"తగిలిందా, తగిలిచ్చినావా?"

"పడింది గదమ్మా."

పెద్దసుబ్బమ్మ కొడుకును చూసింది, గది తలుపును చూసింది. "పడింది," అంది.

ముగ్గురూ స్నానాలు చేశారు. తర్వాత పెద్దసుబ్బమ్మ ఒక చేత్తో కెమెరా, ఒక చేత్తో పసుపునీళ్ళ చెంబు పట్టుకుని గదిలోకి వచ్చింది. నాగలత మంచం దిగింది.

"అత్తా! దాని మింద పోసినావా?"

"అరవాకు. లెన్సు మూతకు నాలుగు చుక్కలు చల్లినా, అంతే. మూత తుడిచినా గూడా."

నాగలత ఫోటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసింది. నాలుగోదానిలో ఒక మూల కంబళి పోగు పడింది. అది రంధ్రానికి అవతల పోతుంది. అయిదోదాన్ని మళ్ళీ మళ్ళీ పెద్దది చేసి చూసింది.

"బాగలేదా?" అంది అత్త.

"దీంట్లో మచ్చలు గూడా తెలుస్తాండాయి."

శుక్రవారానికి తొమ్మిది రంధ్రాలూ నిండాయి. అట్ట కింద నాగలత ఒక చీటీ అంటించింది. ఫోటోలు: పెద్దసుబ్బమ్మ, పెద్దముడియం. చూడటానికి వచ్చిన పెద్దసుబ్బమ్మ ఆ చీటీ కింద నిలబడి అడిగింది.

"మార్చిలో ఇంగో గ్రానముందంట గదా?"

"మూడో తేదీ మాపటేళ. చంద్రుడు లేచేటప్పటికే పట్టింటాది. అప్పటికి నాకు కాన్పయి వుంటాది, నేనే తీస్తా."

"నువ్వు బిడ్డనెత్తుకోని లోపలుండు," అంది పెద్దసుబ్బమ్మ. "ఎన్ని టిక్కులో గవాచిలోంచి అడుగుతా, చెబ్దువులే."