గడప మీది కాపలా

నేను ఒక కంప్యూటర్‌ని. మీ బల్లమీద ముచ్చటగా కూర్చునే రకాన్ని కాదు తల్లీ, చలిగదిలో ఇనుప అలమరలో పడి ఉండే సర్వర్‌ని. తమిళనాట ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. మొదటి కాపురం విజయవాడలో ఒక చీరల కొట్టులో. ఏ జరీ చీర ఏ అరలో ఉండేదో ఇప్పటికీ చెప్పగలను, అడిగేవాళ్ళే లేరు. ఆ కొట్టు మూతపడ్డాక విశాఖపట్నంలో దివాకరంగారి కంపెనీ నన్ను కొనుక్కుంది.

అక్కడ నా పని అతిథుల్ని మోయడం. నా ఒక్క ఒంట్లోనే కొన్ని ఉత్తుత్తి కంప్యూటర్లు కాపురం ఉంటాయి. వర్చువల్ మెషీన్లంటారు. ప్రతిదీ తానే అసలుదాన్ననుకుంటుంది. అనుకోనీ, మనదేం పోయింది? అందరిమీదా పెత్తనం కెర్నెల్‌ది, అంటే నన్ను నడిపే మూల ప్రోగ్రాంది. అత్తగారి లాంటిది, ఆవిడ మాట లేనిదే గిన్నె కదలదు.

ఆ కంపెనీవాళ్ళు కెర్నెల్‌లో కొత్త రకం తయారుచేశారు. అందులో అడుగడుగునా కాపలా పెట్టారు. ఏ పని కదిలినా కాపలావాడు "ఎవరది?" అని అడిగి రాసుకుంటాడు. తప్పులు పట్టడానికట. దాన్ని ఎక్కించి అతిథిని లేపగానే నేను చచ్చేదాన్ని. మూలుగు లేదు, ఆఖరి మాట లేదు. పోతే అతిథి పోవాలి గాని, ఇంటికి ఇల్లే కూలిపోయేది.

"ముసలిదైపోయింది, మెషీన్‌లోనే లోపం" అన్నారు దివాకరంగారు. వేరే చిప్పున్న మెషీన్‌మీద అదే కెర్నెల్ బాగానే నడిచిందని ఆయన ధీమా. ఆయుధపూజకి కొత్త సర్వర్ వస్తోంది. ఈలోగా కారణం తేలకపోతే నేను తుక్కుకి, కెర్నెల్ ఉన్నదున్నట్టు కొనేవాళ్ళకి.

ఒప్పుకోనిది వకుళ ఒక్కతే, ఇంజినీరు పిల్ల. నా వీపుకి ఒక తీగ తగిలించి, నా మాటలన్నీ పై అంతస్తులో తన తెరమీద పడేలా చేసింది. చచ్చేముందు ఒక్క ముక్కైనా చెబుతానేమోనని ఆశ. ఎప్పుడూ మాట మధ్యలోనే తెగిపోయేది. చచ్చిన నన్ను ఆపి లేపడం సర్వర్ గది చూసుకునే నూకరాజు పని.

"ఏటమ్మా, మళ్ళీ పోనాదా మీ ముసల్ది?"

"పోయింది బాబాయ్. లేపు."

"నన్నిన్నిసార్లు లేపితే నానైతే కరిసేద్దును."

రోగం తెలియకపోతే మందు రెట్టింపు చేయడం మనుషుల అలవాటు కదా. వకుళ కూడా మొదట కాపలా పెంచింది. నేను ఇంకా తొందరగా చచ్చాను. అప్పుడు తెలివి తెచ్చుకుని తగ్గించడం మొదలెట్టింది. సగం, అందులో సగం.

నిజం నాకు తెలుసు. అతిథి గదిలో పనిచేసేటప్పుడు అతిథి చీరే కట్టుకుంటాను. గడప దాటి వచ్చి నా చీర కట్టుకోవాలి. ఆ నడుమ రెప్పపాటు నాదంటూ నా ఒంటిమీద ఏమీ ఉండదు. సరిగ్గా ఆ గడప మీదే ఒక కాపలావాడు! "ఎవరది?" అంటాడు. నా చిరునామా ముడేసుకున్న కొంగు చేతికందదు. వెతుక్కోబోయి కూలిపోయేదాన్ని. ఆ వేరే చిప్పు గడపలోనే చీర మార్చేస్తుంది, దానికి ఈ బాధ లేదు. రోగం పట్టడానికి పెట్టినవాడే రోగం.

పూజ రోజు ఉదయం వకుళ చేయి ఆ గడపమీదివాడి దాకా వచ్చింది. వాడిని తీసేసి నన్ను లేపింది. అతిథులు వచ్చారు. నేను గడప దాటాను, తిరిగి వచ్చాను, మళ్ళీ దాటాను. చావు రాలేదు!

"సాయంత్రందాకా నిలబడితే చాలు సార్" అంది వకుళ.

"నిలబడితే నీ మాటే. పడిపోతే మాత్రం ఇంక మాట్లాడకు."

పులిహోర పంచుతున్నారని ఆమెని పిలిచారు. ఇంతలో నూకరాజు తలంటుకుని, పళ్ళెంలో పసుపు కుంకుమలతో వచ్చాడు. పూజపూట పనిముట్టు పనిచేయకూడదు. మిగతావాటిని ఆపితే కంపెనీయే ఆగిపోతుంది, వాటికి ఉత్త బొట్టే. ప్రయోగాలకి పడి ఉన్నది నేనొక్కదాన్నే కదా.

"పండగపూటైనా తొంగోయే తల్లీ, ఎన్నిసార్లు సస్తావు" అంటూ మీట నొక్కి పట్టుకున్నాడు. మాట మధ్యలో ఉన్నాను. బొట్టు పెట్టి, బంతిపూలు చుట్టి, దండం పెట్టుకుని ఊరికి బస్సెక్కేశాడు. మంచివాడు.

వకుళ వచ్చేసరికి తెరమీద సగం మాట. వెనకే దివాకరంగారు.

"చూశావా అమ్మాయ్, ఆఖరిదీ అయిపోయింది."

"ఒక్కసారి మళ్ళీ లేపి చూస్తాను సార్."

"పండగపూట చచ్చినదాన్ని లేపుతావా? కొత్తదానికి గుమ్మడికాయ కొట్టే వేళయింది."

ఆరిపోయిన నన్ను చూసి ఎవరికీ అనుమానం రాలేదు. చచ్చిన నన్ను ఆపేది నూకరాజే కదా, చచ్చాకే ఆపాడనుకున్నారు. అయినా రోజూ చచ్చేది ఇవాళ మాత్రం ఎందుకు బతుకుతుంది? గడపమీదివాడు నిర్దోషి అనుకుని, వకుళే వాడిని చేతులారా మళ్ళీ నిలబెట్టింది. కళ్ళు తుడుచుకుని నా బంతిపూలు సర్దింది.

ఇప్పుడు కంచరపాలెంలో తుక్కుకొట్టులో, విరిగిన కూలర్ల కింద ఉన్నాను. బొట్టు ఇంకా చెరగలేదు. కెర్నెల్ ఊళ్ళు దాటి వెళ్ళిపోయింది, గడపమీదివాడితో సహా. నాలాంటి చెల్లెళ్ళు ఎక్కడెక్కడో వాడి ముందు కూలిపోతూ ఉంటారు, వాళ్ళనీ ముసలివైపోయాయంటారు.

చెబుదామంటే నాకున్న నోరు ఆ తీగ ఒక్కటే. దాన్ని ఆ రోజే ఊడదీసి, ఆ వేరే చిప్పున్న కొత్త సర్వర్‌కి తగిలించారు. దానికి చెప్పడానికేమీ లేదు.