ఆరంకెల పరుగు

“చచ్చినా ఆ సిమ్ము మాత్రం తియ్యకు,” అన్నాడు భర్త, ఆమె పెట్టె మీద మోకాలు ఆనించి జిప్పు లాగుతూ. “ఆ దేశంలో మెసేజ్ వస్తే చార్జీ పడదు. పంపితే పడుతుంది, మాట్లాడితే పడుతుంది. డేటా ఆన్ చేశావంటే మనల్ని అమ్మినా చాలదు. వైఫై ఉన్నచోటికి పోయి వాట్సాప్‌లో చెప్పు. ఊరికే అయ్యే పనికి డబ్బు పొయ్యడం దేనికి?”

పెట్టెలో స్వెట్టరు పెట్టుకున్నావా అని అడగలేదు. చార్జరు పెట్టుకున్నావా అని రెండుసార్లు అడిగాడు.

ఆమె కట్టుడుపళ్ళు చేసే ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళుగా పని చేస్తోంది. మైనంతో పన్ను మలచడంలో ఆమె చేతికి తిరుగులేదు. ఊళ్ళో ముసలివాళ్ళ నవ్వుల్లో సగం ఆమె చేసినవే. ఇప్పుడు ఆ మైనానికి కాలం చెల్లింది. కంప్యూటర్లో బొమ్మ గీసిస్తే పన్ను చెక్కిపెట్టే యంత్రం కొన్నాడు ల్యాబ్ డాక్టరు. అమ్మిన కంపెనీవాళ్ళ దేశంలో పదిరోజుల శిక్షణ, ఆఖర్న పరీక్ష. “పాసైనట్టు కాగితం తెస్తే యంత్రం నీదమ్మా. తేకపోతే... మైనం బల్ల ఎలాగూ తీసేస్తున్నాం,” అన్నాడాయన. మర్యాదస్తుడు, అంతకంటే వివరంగా చెప్పలేదు.

ఆమె ఫోను భర్త వాడి వదిలేసింది. అందులో ఒక్క సిమ్మే పడుతుంది. ఆ ఒక్క సిమ్ము మీద ఇల్లు మొత్తం ఎలా వచ్చి కూర్చుందో తలుచుకుంటే ఆమెకే వింతగా ఉంటుంది. మొదట గ్యాసు. “నా ఫోను ఆఫీసు ఫోను. ఈ చెత్తంతా దానికొస్తే నేను పని చేసుకోవాలా, వద్దా? నీ నంబరిచ్చెయ్,” అన్నాడు. తర్వాత కరెంటు బిల్లు, బ్యాంకు, కూతురి కాలేజీ, అత్తగారి మందులు. “నువ్వు ఎలాగూ ఖాళీయేగా, చూసి చెప్పు,” అనేది అత్తగారు, కోడలు రెండు చేతులా పిండి కలుపుతున్నప్పుడు. మరిది కూడా తన ఇన్సూరెన్సుకి వదిన నంబరే ఇచ్చాడు, అడక్కుండానే. ఎవరికి ఏ పనిబడినా ఆమె ఫోనుకి ఓటీపీ అని ఆరంకెలు వచ్చి పడతాయి. మూడు నిమిషాల్లో చదివి చెప్పాలి. దాటితే అవి చచ్చిపోతాయి, చంపింది ఆమె అవుతుంది. స్నానాల గదిలోంచి కేకేసి చెప్పింది. పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు వేళ్ళతో చూపించింది. ఫోను ఎక్కడో ఉన్నా తొడ దగ్గర వణికినట్టై ఉలిక్కిపడటం అలవాటైపోయింది.

శిక్షణ మూడో అంతస్తులో. అక్కడ వైఫై లేదు. రోడ్డుకి అవతల బట్టలుతికే షాపులో ఉంది. ఆరంకెలు రాగానే అరచేతిలో పెన్నుతో రాసుకుని, మెట్లు దిగి, రోడ్డు దాటి, గిరగిరా తిరిగే మిషన్ల మధ్య నిలబడి ఇంటికి పంపడం, మళ్ళీ మూడంతస్తులు ఎక్కడం. పైకొచ్చేసరికి “టైమైపోయింది, ఇంకోటి వచ్చుంటుంది చూడు” అని భర్త వాట్సాప్‌లో పెట్టి ఉంటాడు. అది చూడాలన్నా మళ్ళీ కిందికే.

“ఏంటక్కా ఇది, కుక్కిన పేనులా కూర్చోవు, కాలు కాలిన పిల్లిలా తిరుగుతావు!” అంది పక్కబల్ల మీది కళ్ళద్దాలమ్మాయి. వేరే ఊరి ల్యాబ్ నుంచి వచ్చింది. “దిగిన రోజే స్టేషన్ దగ్గర ఇక్కడి సిమ్ము కొనుక్కున్నా. పదిరోజులకీ కలిపి కారుచవక. మాట్లాడుకో, దారి చూసుకో, పాటలు విను. నువ్వూ కొనుక్కోరాదూ?”

“అది వేస్తే ఇది తియ్యాలి కదమ్మా.”

“తీస్తే?”

తీస్తే ఏమవుతుందో ఆమె ఎప్పుడూ పూర్తిగా ఆలోచించలేదు. ఆలోచన అక్కడిదాకా వెళ్ళగానే వెనక్కి తిరిగేది. గ్యాసు రాదు, మందులు రావు, అత్తగారికి బీపీ పెరుగుతుంది, ఫీజు గడువు దాటుతుంది, అందరూ వరసగా నిలబడి “నువ్వు ఊరెళ్ళావు, అందుకే” అంటారు.

ఎనిమిదో రోజు నమూనా పరీక్ష. రెండు గంటల్లో నాలుగు పళ్ళు. మూడో పన్ను అంచు సరిచేస్తుండగా జేబులో ఫోను వణికింది. ఈసారి నిజంగానే. ఆమె చెయ్యి మౌస్ మీదే ఉంది, కాళ్ళు మాత్రం లేచిపోయాయి. తిరిగి వచ్చేసరికి యంత్రం తప్పు అంచుతోనే పన్ను చెక్కేసింది. అక్కడ శిక్షణ ఇచ్చే మేస్త్రి, తెల్లమీసాల పెద్దాయన, ఆ పన్నుని వేళ్ళ మధ్య పెట్టి వెలుతురుకి చూశాడు. “ఇంత మంచి చెయ్యి. ఎక్కడికమ్మా పరుగు?” అన్నాడు. “ఎల్లుండి అసలు పరీక్షకి ఫోన్లు తలుపు బయటే. ఒకసారి తలుపు దాటావా, నీ పరీక్ష అయిపోయినట్టే.”

ఆ పరుగు దేనికంటే మరిది కొత్త చెప్పులు తెప్పించుకున్నాడు, ఇంటికి తెచ్చినవాడికి నంబరు చెప్పాలి.

పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం సెలవిచ్చారు. హోటల్ గదికి రాగానే భర్త మెసేజ్: “రేపు పొద్దున్న అమ్మ మందులొస్తాయి. ఫోను చేతిలో ఉంచుకో.” ఆ పొద్దున్న అంటే ఇక్కడ సరిగ్గా పరీక్ష మధ్యలో. మేస్త్రిని బతిమాలుకుందామా, ఆయన ఒప్పుకుంటాడా, ఫోను కళ్ళద్దాలమ్మాయికి ఇద్దామంటే ఆమె కూడా పరీక్షలోనే ఉంటుంది, మందులవాణ్ణి మర్నాడు రమ్మంటే అత్తగారు ఊరుకుంటుందా... ఇలా ఎన్ని దార్లు వెతికినా ప్రతి దారి చివరా తనే మెట్లు దిగుతూ కనిపించింది. తన వంక చూసుకుని ఆమెకి ఒళ్ళు మండింది. ఇంతసేపూ వెతికింది అందరి పనీ ఆగకుండా తను ఎలా పరీక్ష రాయాలనే. వాళ్ళ ఫోన్లు ఏమయ్యాయి? వాళ్ళకి వేళ్ళు లేవా, కళ్ళు లేవా?

హోటల్ కింది హాల్లో వైఫై బాగా వస్తుంది. అక్కడి సోఫాలో కూర్చుంది. కళ్ళద్దాలమ్మాయి చేత తెప్పించిన కొత్త సిమ్ము, పని అయ్యాక వేసుకుందామని, బల్ల మీద పెట్టుకుని మందుల షాపువాళ్ళ యాప్ తెరిచి ‘నంబరు మార్చు’ అన్నచోట నొక్కింది. ఆమె ఫోనుకి ఆరంకెలు వచ్చాయి, కొట్టింది. యాప్ కొత్త నంబరడిగింది. భర్తది ఇచ్చి, వాట్సాప్‌లో ఆయనకి కాల్ చేసింది.

“ఏమండీ, మీకో నంబరొచ్చింది. చదవండి.”

“మీటింగులో ఉన్నానే!”

“మూడు నిమిషాలే ఉంటుందండీ.”

చదివాడు. గ్యాసు. చదివాడు. కరెంటుకి గొంతు పెంచాడు. “ఇదేంటి, ‘ఎవరికీ చెప్పరాదు’ అని రాసుంది! ఏం చేస్తున్నావక్కడ?”

“ఇంటివన్నీ మీ నంబరుకి మారుస్తున్నాను. రేపు నా ఫోను తలుపు బయట ఉంటుంది.”

“నీకేమైనా మతి పోయిందా? ఇది ఆఫీసు ఫోను!”

“నేనూ ఆఫీసు పని మీదే వచ్చానండీ.” బల్ల మీది కొత్త సిమ్ముని దగ్గరికి లాక్కుంది. “మీ తమ్ముడికి కూడా చెప్పండి, ఆయన ఇన్సూరెన్సు ఆయన నంబరుకే మార్చేస్తున్నాను. రేపు అత్తయ్యగారి మందులకి నంబరు మీకే వస్తుంది, నాకు రాదు.”

అవతల కుర్చీ జరిగింది. ఎవరితోనో “ఒక్క నిమిషం సార్” అన్నాడు. తలుపు తెరిచిన చప్పుడు, మెట్లమీద అడుగుల చప్పుడు, రొప్పు. బ్యాంకు నంబరు చదివాడు, ఒక అంకె తప్పు చదివాడు, మళ్ళీ పంపించుకుని చదివాడు. కాలేజీది చదివాడు.

“రోజూ ఇన్ని వస్తాయా నీకు?”

“ఇవాళ తక్కువండీ,” అంది. “ఇంకోటి పంపాను, చదవండి.”