ఇరవై రెండు మార్కుల గుండీ

ఏనుగుకు లాగు కుట్టిన దర్జీని ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. ఊళ్లో ఎవరూ నమ్మలేదు, మా మనవరాలు నమ్మింది. నాకది చాలు. దానికి మూడున్నరేళ్లు. పుట్టినప్పుడు చొక్కా గుండీ అంత ఉందని గుండీ అన్నాను. ఇంటిల్లిపాదికీ అదే నోటికి పట్టేసింది.

చెప్పబోయేది మా అమ్మాయి ఉద్యోగం సంగతి. అయితే ఏనుగుకూ దానికీ లంకె ఉంది.

అమ్మాయి మంచినీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. అల్లుడు రైలు నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు ఇంటి మొహం చూడడు. నా మోకాళ్లు నా మాట వినడం మానేసి చాలాకాలమైంది. అందుకని గుండీ పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర దాకా వీధి చివరి పిల్లల కేంద్రంలో ఉంటుంది. ఇంటికొచ్చాక దాని ముందు కోతలు కోయడం నా వంతు.

ఒక శుక్రవారం సాయంత్రం అమ్మాయి వంటింట్లో బల్ల ముందు కూర్చుని ఉంది. బల్ల మీద మూడు కాగితాలు. ఒకటి పత్రికలోంచి కత్తిరించింది: 'వారానికి ముప్పై గంటలు దాటితే పిల్లలు మొరటుబారతారు, తేల్చిన పరిశోధన.' రెండోది కేంద్రం టీచరమ్మ టిక్కులు పెట్టి పంపిన ప్రవర్తన పట్టిక. మూడోది రాజీనామా ఉత్తరం. సంతకం ఒక్కటే తక్కువ.

"సోమవారం ఇచ్చేస్తాను నాన్నా" అంది, టీ చల్లారిపోయిందన్నంత మామూలుగా. అంతకుముందు ఏడ్చిందని ముక్కు చూస్తే తెలుస్తోంది. ఎనిమిదేళ్లు కష్టపడి సంపాదించుకున్న కుర్చీ అది.

"కొలత చూడకుండా కత్తెర పడతావా?"

"చూశాను. మూడు నెలల కింద పదకొండు మార్కులు. ఇప్పుడు ఇరవై రెండు. ఎక్కువ వస్తే మొరటుతనం ఎక్కువని అర్థం. పేపర్లో రాసిందీ అదే."

"ఎవరు కొలిచారు? ఏ టేపుతో? ఎవరి ఒంటి మీద?"

దుకాణంలో ఎవరు కొలతల చీటీ పట్టుకొచ్చినా ఈ మూడూ అడిగేవాణ్ణి. ఒక్కసారి మాత్రం అడగడం మరిచిపోయాను. మొదటి అంగుళం ఊడిపోయిన టేపుతో ఎవరో కొలిచి పంపితే నలభై మంది బడిపిల్లలకు చొక్కాలు కుట్టిచ్చాను. అన్నీ అంగుళం వదులు. పిల్లలంతా ఒక్కసారిగా చిక్కిపోయారని పెద్దమాస్టారు డాక్టర్ని పిలిపించాడు. ఆయన నలభై మందికీ టానిక్కు రాసిచ్చాడు.

"ఇది కూడా ఏనుగు బాపతేనా?" అంది అమ్మాయి.

"సగం. టేపు మాత్రం నిజం."

పత్రిక ముక్క మళ్లీ చదివి, "ల్యాబులో ఇలాంటి కాగితం వస్తే నేనే తిప్పి పంపేదాన్ని. ఎంతమందిని చూశారో కూడా లేదు" అని గొణిగి కంప్యూటరు తెరిచింది.

శనివారమంతా అసలు పరిశోధన ముందేసుకుని కూర్చుంది. సాయంత్రానికి వచ్చి చెప్పింది. "తేడా ఉంది నాన్నా, కాదనను. కానీ చిన్నది. ఎక్కువమంది పిల్లలు మామూలుగానే ఉన్నారు. గదిలో పిల్లలు మరీ ఎక్కువైన చోట తేడా ఇంకాస్త పెరిగింది. గంటలే కారణమని చెప్పలేమని వాళ్లే రాసుకున్నారు. పత్రికవాళ్లు ఆ ముక్క మింగేశారు."

"మరింకేం?"

"మరి మన ఇరవై రెండు?"

టిక్కులు పెట్టినావిడనే అడుగుదామన్నాను. సోమవారం పొద్దున ఉత్తరం సంచీలో పెట్టుకునే కేంద్రానికి బయల్దేరింది. నేనూ మోకాళ్లను బతిమాలుకుని వెంట వెళ్లాను.

"టిక్కులు ఏ పనులకు పెట్టారమ్మా?" అని అడిగాను టీచరమ్మను.

"ఏం చెప్పమంటారు తాతగారూ. తోటి పిల్లల కాలర్ పట్టుకుంటుంది. రిబ్బను తెచ్చి ఒంటికి చుట్టేస్తుంది. కదిలితే గద్దిస్తుంది. మీరే చూడండి."

కిటికీలోంచి చూశాం. గుండీ ఒక బొద్దుపిల్లను గోడకు నిలబెట్టి, కాలర్ పట్టుకుని, నడుముకు రిబ్బను చుడుతోంది. "కదలకు. కదిలితే లాగు చంకల్లోకి వస్తుంది. ఊపిరి బిగబట్టు" అంటోంది.

నాకు తల కొట్టేసినట్టయింది. గుండీకి చెప్పే కథలో ఏనుగుతో నేనన్న మాటలే అవి. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"అమ్మా, ఆ ఇరవై రెండులో సగం నావి" అన్నాను. ఏనుగు కథ మొత్తం ఒప్పుకున్నాను. కాలర్ పట్టుకోకపోతే ఏనుగు పారిపోతుందని చెప్పిన సంగతి కూడా.

టీచరమ్మ మళ్లీ లోపలికి చూసింది. బొద్దుపిల్ల వెనక ఇంకో నలుగురు వరసగా నిలబడి ఉన్నారు. ఎవరి వంతు కోసం వాళ్లు తోసుకుంటున్నారు. "నేను కొట్లాట అనుకున్నానండీ" అంది పమిట నోటికి అడ్డం పెట్టుకుని. "పట్టికలో దర్జీ ఆటకు గడి లేదు మరి. ఇప్పుడే దిద్దిచ్చేస్తాను."

"వద్దు" అంది అమ్మాయి. "మేం ఎదురుగా ఉంటే మొహమాటానికి తక్కువ వేస్తారు. రెండు వారాలాగి మీరూ, ఇంకో టీచరూ ఒకరిది ఒకరు చూసుకోకుండా వేయండి. ఆ తర్వాతే ఏదైనా."

ఆ రెండు వారాలూ అమ్మాయి ల్యాబుకు వెళ్లొస్తూనే ఉంది. ఉత్తరం సంచీలోనే ఉంది. గుండీకి కొత్త నియమం పెట్టాను: మెడల జోలికి పోకూడదు, కాలర్ పట్టుకోకూడదు, అడిగి కొలవాలి.

పట్టికలు వచ్చాయి. ఒకదాంట్లో పన్నెండు, ఇంకోదాంట్లో పది. అమ్మాయి రెండుసార్లు కూడి చూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది. ఎన్నాళ్లుగా బిగబట్టిందో, ఆ ఊపిరి వదిలితే బల్ల మీది పత్రిక ముక్క ఎగిరి కింద పడింది. ఇది మాత్రం కోత కాదు.

"ఒక్క పిల్లతో పరిశోధన తప్పని తేలదు నాన్నా."

"తేలక్కర్లేదు. నీ ఉద్యోగం నిలిస్తే చాలు."

అప్పుడు నవ్వింది, ఇన్నాళ్ల తర్వాత. రాజీనామా ఉత్తరం తీసి నా చేతిలో పెట్టింది. "వెనకవైపు ఖాళీగానే ఉంది. కొలతలు రాసుకోవడానికి గుండీకి కాగితం కావాలట."

గుండీ అప్పటికే నా ముందు నిలబడి ఉంది, టేపు పట్టుకుని.

"తాతా, కొలవనా?" అని అడిగింది, కొత్త నియమం ప్రకారం.

ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.