మొహం మీద మాత్రం కొట్టకు

జవాబు తప్పింది రోస్లాన్. దెబ్బ పడింది సుహైనీకి.

"మళ్ళీ అడుగమ్మా," అన్నాడతను, చేతిలోని నీళ్ళగొట్టం ముక్కని రెండుగా మడిచి పట్టుకుని.

అతని తల్లి జెనబ్ కళ్ళజోడు సర్దుకుని కాగితాన్ని కిటికీ వెలుగుకి పెట్టింది. నలభై ప్రశ్నలున్న కాగితం అది. రోస్లాన్‌తో పాటు పామాయిల్ గెలల లారీ తోలే ఒకడు కిందటేడు ఇలాగే పైదేశం పిల్లని చేసుకున్నాడు. వీసా ఆఫీసులో తననీ పెళ్ళాన్నీ ఏమేం అడిగారో అన్నీ రాసిపెట్టుకుని, ఇప్పుడు ఇరవై రింగిట్లు పుచ్చుకుని ఇచ్చాడు.

"పదకొండోది. నీ భార్య తల్లి పేరేంటి?"

"సీతి."

సుహైనీ తల ఎత్తి చూసింది.

"ఏంటే ఆ చూపు? కాదా?"

"కాదు. సెరినా."

గొట్టం వీపు మీద చెళ్ళుమంది. ఒళ్ళో పాలు తాగుతున్న ఇరవై నాలుగు రోజుల పసిగుడ్డు రొమ్ము వదిలేసి కెవ్వుమంది. సుహైనీ ముందుకి వంగి పిల్లకి అడ్డుపడింది. రెండోది భుజం మీద పడింది, మూడోది నడుం మీద.

"మీ దీవిలో ఏ రాయి విసిరినా సీతి మీదే పడుతుంది కదే! మీ అమ్మకి మాత్రం ప్రత్యేకంగా ఇంకో పేరు కావాల్సొచ్చిందా? ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

మూడేళ్ళలో వంద సార్లు చెప్పింది. ఆ మాట ఇప్పుడంటే నాలుగోది పడుతుందని ఊరుకుంది.

"ఒరేయ్ ఒరేయ్," అంది జెనబ్ కాగితంలోంచి తల ఎత్తకుండానే. "మొహం మీద మాత్రం కొట్టకు. ఎల్లుండి ఆఫీసుకెళ్ళాలి."

ఎంత ముందుచూపు గల తల్లో చూడండి!

ఆ ఉపాయం చెప్పింది కూడా ఆవిడే. "ఇంత రాద్ధాంతం దేనికిరా? నిన్నొక గదిలో, దీన్నొక గదిలో అడుగుతారు. ఇద్దరి మాటా ఒక్కటైతే చాలు. నువ్వు సీతి అన్నావు, అదీ సీతి అంటుంది. తీరిపోయె! వాళ్ళేమైనా ఓడెక్కి లొంబోక్ వెళ్ళి వాళ్ళమ్మని అడిగొస్తారా?"

ఆ క్షణం నించి రోస్లాన్ నోట్లోంచి ఏ తప్పు ఊడిపడితే అదే నిజమైపోయింది. సుహైనీకి తోబుట్టువులు ముగ్గురు. అతను ఒక్కడే తమ్ముడన్నాడు, ఒక్కడే అయ్యాడు. ఆమెకి కారం దట్టించిన తూటికూర ఇష్టం. అతను ఎండుచేపల పులుసన్నాడు. ఎండుచేప వాసనకే ఆమెకి కడుపులో తిప్పుతుంది. "ఇష్టమే," అంది. కాన్పప్పుడు పక్కన ఎవరున్నారని అడిగితే "నేనే ఉన్నా, చెయ్యి పట్టుకునే ఉన్నా" అన్నాడు, ఆ మాట తనే నమ్మినట్టు. ఆ రోజు అతను పామాయిల్ మిల్లు దగ్గర లారీ కింద చాప వేసుకుని నిద్రపోయాడు. చెయ్యి పట్టుకున్నది పక్కింటి మంత్రసాని సోమ్ అవ్వ.

పొద్దు వాలేసరికి తేలిందేంటంటే, నలభై ప్రశ్నల్లో పెళ్ళాం గురించి అతనికి తెలిసినవి ఆరు. అతని గురించి ఆమెకి నలభైకి నలభై తెలుసు. టీలో ఎన్ని చెంచాల చక్కెర, ఏ మోకాలి మీద మచ్చ, ఏ పక్కకి తిరిగి పడుకుంటాడు, అన్నీ తెలుసు. చెప్పులు ఏ మెట్టు మీద విడిస్తే ఎంత కోపంతో వచ్చాడో కూడా తెలుసు. దెబ్బలు తినేవాళ్ళకి కొట్టేవాడి గురించి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?

ఒకప్పుడు ఇదే రోస్లాన్ రబ్బరు తొడుగుల ఫ్యాక్టరీ గేటు దగ్గర వేడివేడి అరటి బజ్జీల పొట్లంతో నిలబడేవాడు. పన్నెండు గంటలు నిలబడి పనిచేసి వచ్చిన సుహైనీకి ఆ పొట్లమే స్వర్గం. కూలికొచ్చిన పైదేశంవాళ్ళు ఇక్కడివాళ్ళని చేసుకోకూడదని షరతు. అందుకని సరిహద్దు దాటి, థాయ్ వైపు సొంగ్‌ఖ్లాలో నిఖా చేయించుకొచ్చారు. పెళ్ళయిందని తెలియగానే ఫ్యాక్టరీ పర్మిట్ ఊడింది. ఆనాటి నించి ఆమె బతుకు పాస్‌పోర్టులో నెలకో వీసా ముద్ర, ఆ ముద్రకి మొగుడి సంతకం. అతను సంతకం పెట్టనంటే ఆమె వారంలో దేశం విడిచిపోవాలి. పిల్ల మాత్రం తండ్రి దేశపు పౌరురాలు. అది ఇక్కడే ఉండిపోతుంది.

ఎల్లుండి ఇంటర్వ్యూ నెగ్గితే అయిదేళ్ళ వీసా. దాంతో మళ్ళీ ఫ్యాక్టరీలో చేరొచ్చు. నెలకి పదిహేడు వందల రింగిట్లు. ఆ జీతం ఇంకా రానేలేదు, రోస్లాన్ అప్పుడే లారీ టైర్లు బేరమాడొచ్చాడు.

"నాకీ వీసా లేకపోయినా ఒరిగేదేం లేదే," అన్నాడు ఆ పూట అన్నం ముందు కూర్చుని. "నీకే కావాలి. ఒక్క జవాబు తేడా వచ్చిందో, నువ్వు ఓడెక్కుతావ్. పిల్ల ఇక్కడే ఉంటుంది."

"దానికేం కొదవ?" అంది జెనబ్ మనవరాలి బుగ్గ పుణుకుతూ. "నెలన్నా నిండని గుడ్డు. ఇంకో అమ్మని తెచ్చి చూపిస్తే అమ్మా అంటుంది. ఏ పేరు చెబితే అదే పేరు. దీనికేం తెలుస్తుంది నా బంగారుకొండకి?"

సుహైనీ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. గొట్టం దెబ్బకి రాని ఏడుపు ఆ మాటకి తన్నుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే సోమ్ అవ్వ నూనెగిన్నె పట్టుకుని వచ్చింది. బాలింతకి ఒళ్ళు తోమి, వేడిరాయి కాపడం పెట్టి, పొట్ట చుట్టూ పదిగజాల నడికట్టు బిగించడం ఆవిడ పని. డెబ్భై ఏళ్ళ మనిషి, నోట్లో తమలపాకు లేని క్షణం ఉండదు. రవిక పైకి లాగి వీపు చూసి నమలడం ఆపేసింది.

"ఓసి నా తల్లో," అంది నెమ్మదిగా. "ఇందులో నూనె ఎక్కడ రాయనే? చోటేదీ?"

"కింద రాయవ్వా."

"ఎంతమంది వీపులు తోమానో గానీ... వాడి చేతులు పడిపోను! పచ్చి బాలింతనే! కుట్లు మానాయా అసలు?"

"ఒకటి ఊడింది. నిన్న."

ముసల్ది వంటింటి వైపు తిరిగి గొంతు పెంచింది. "ఏమమ్మా జెనబూ! నలభై నాలుగు రోజుల పత్యం అని నా ప్రాణం తీస్తావు. చల్లనీళ్ళు తాగకూడదు, చేప తినకూడదు, గడప దాటకూడదు. గొట్టం దెబ్బలు పత్యంలో చెల్లుతాయని నీకెవరు చెప్పారు?"

"నీ కూలి నీకిస్తున్నాం, నీ పని నువ్వు చూసుకో," వంటింట్లోంచి జవాబు. "మొగుడూ పెళ్ళాల మధ్య నువ్వెందుకు?"

సోమ్ అవ్వ చెవి దగ్గరికి వంగింది. "ఠాణాకి పోదాం పద. నేనొస్తా."

"పోతే ఆయన్ని లోపలేస్తారు. ఆయన లోపలుంటే రేపు నా పక్కన ఎవరు కూర్చుంటారవ్వా? సంతకం ఎవరు పెడతారు? నన్నెళ్ళగొట్టి పిల్లనుంచుకుంటారు."

దానికి జవాబు, కొట్టేవాడి సంతకం ఉంటేనే బిడ్డ దగ్గర ఉండనిస్తామనే రూలు రాసిన పెద్దమనుషుల దగ్గర ఉందేమో! సోమ్ అవ్వ కళ్ళు తుడుచుకుని, వీపు మీద పసుపు అద్ది, నడికట్టు చుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో చుట్టుకీ సుహైనీ పళ్ళ మధ్య నించి "ఇనాక్, ఇనాక్" అంటూనే ఉంది. వాళ్ళ ఊళ్ళో అమ్మని అలాగే పిలుస్తారు.

ఆ సాయంత్రం ఇంకో విడత. ఈసారి రోస్లాన్ ప్రశ్నలడిగాడు, ఆమె అతని తప్పులన్నీ అప్పజెప్పింది. "అమ్మ పేరు?" అంటే గొంతు ఒక్క క్షణం తడబడింది. జుట్టు పట్టి తల గోడకి కొట్టాడు. దెబ్బ జుట్టు లోపల తగిలింది, బయటికి కనపడదు. మనిషి అంత కోపంలోనూ లెక్క తప్పలేదు.

"సీతి," అంది. "సీతి, సీతి, సీతి."

"అదీ! ఇప్పుడు నా పెళ్ళాంవి."

ఇంటర్వ్యూ పొద్దున గడప దాటకూడదన్న ఆచారం ఎటు పోయిందో పోయింది. జెనబ్ కోడలికి పౌడరు రాసి, ఎర్రపూల పొడుగు చొక్కా తొడిగి, పిల్ల నుదుటన కాటుక పెట్టి దిష్టి తీసి మరీ లారీ ఎక్కించింది. కాన్పయిన ఇరవై ఆరో రోజు. లారీ గతుకులో పడ్డప్పుడల్లా సుహైనీ సీటు అంచు పట్టుకుని గాల్లో లేచి కూర్చుంది.

ఆఫీసులో రెండున్నర గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. ముందు రోస్లాన్‌ని పిలిచారు. అరగంటకి బయటికొచ్చాడు, ఇస్త్రీ చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది, మొహాన నవ్వు.

"అన్నీ మన కాగితంలోవే," అన్నాడు పిల్లని ముద్దాడుతున్నట్టు వంగి. "నేర్పింది చెప్పు, చాలు. తెలివి చూపించావో, తెలుసుగా."

లోపల అధికారి పేరు ఫరీదా. నలభై దాటిన మనిషి, బల్ల మీద సగం తాగిన టీ, గుట్టలుగా ఫైళ్ళు. ఆ వారంలో ఆవిడ అలాంటి జంటల్ని యాభై మందిని చూసుంటుంది. డబ్బుకి కట్టిన ఉత్తుత్తి పెళ్ళిళ్ళని ఏరెయ్యడం ఆవిడ ఉద్యోగం.

"కూర్చోమ్మా. పాపా? ఎన్నో రోజు?"

"ఇరవై ఆరు, మేడమ్."

"అయ్యో, పత్యం రోజులే. సరే, త్వరగా కానిద్దాం. నీ తల్లి పేరు?"

సీతి నాలిక చివరే ఉంది. రెండు రోజులు కొట్టి కొట్టి అక్కడ కూర్చోబెట్టిన పేరు. సుహైనీ నోరు తెరిచింది. ఒళ్ళో పిల్ల నిద్రలో మూతి కదిపింది. ఏ పేరు చెబితే అదే పేరు, దీనికేం తెలుస్తుంది? ఇవ్వాళ తను కన్నతల్లికి ఇంకో పేరు పెడితే, రేపు ఈ పిల్ల తల్లికి వాళ్ళు ఇంకో పేరు పెట్టడానికి అడ్డేముంది?

"సెరినా," అంది.

ఫరీదా ముందున్న కాగితం చూసింది. "సరిగ్గా చెప్పు. మీ ఆయన సీతి అన్నాడే?"

"ఆయనకి తెలీదు మేడమ్. మా అమ్మ సెరినా. తూర్పు లొంబోక్‌లో పొగాకు తోటల్లో కూలి చేస్తుంది. బతికే ఉంది."

"తోబుట్టువులు?"

"ముగ్గురు."

"ఒక్కడే తమ్ముడని ఉంది. నీకు ఇష్టమైన కూర?"

"తూటికూర. ఎండుచేప నాకు పడదు."

"కాన్పప్పుడు పక్కన ఎవరున్నారు?"

"పక్కింటి సోమ్ అవ్వ. ఆయన రాలేదు."

ఫరీదా కలం కింద పెట్టి కుర్చీలో వెనక్కి వాలింది. మొహంలో ఇందాకటి మెత్తదనం పోయింది. "చూడమ్మాయ్. మూడేళ్ళ కాపురం అంటున్నారు. అత్తగారి పేరు తెలీదు, పెళ్ళాం ఏం తింటుందో తెలీదు, బిడ్డ పుట్టినప్పుడు లేడు. ఇది కాపురమా, కాగితమా? పిల్లని చూపించి నన్ను బుట్టలో వెయ్యొచ్చనుకోకు. అతను నిజంగా నీ మొగుడేనని నేనెలా నమ్మాలి? రుజువేదీ?"

సుహైనీ లేచింది. పిల్లని బల్ల మీద, ఫైళ్ళ మధ్య ఖాళీలో పడుకోబెట్టింది. "కాస్త చూస్తుండండి మేడమ్, దొర్లుతుంది," అంది. ఆవిడ కంగారుగా చెయ్యి అడ్డం పెట్టింది.

సుహైనీ వెనక్కి తిరిగి, పొడుగు చొక్కా మెడదాకా ఎత్తింది. నడికట్టు ముడి విప్పింది. పదిగజాల గుడ్డ చుట్టు చుట్టుగా ఊడి కాళ్ళ దగ్గర పడింది. లోపలి చుట్లు చర్మానికి అంటుకుపోయి ఉన్నాయి. వాటిని లాగేటప్పుడు ఆమె మూలిగింది గానీ ఆపలేదు. నల్లగా కమిలినవి, పచ్చబారినవి, మొన్నటివి ఇంకా తడిగా, మెడ కింది నించి తుంటి దాకా.

"ఇంత హక్కుగా కొట్టేవాడు," అంది గోడ వైపు చూస్తూ, "మొగుడు కాక ఇంకెవడమ్మా?"

ఫరీదా చెయ్యొకటి పిల్ల మీదే ఉంది. రెండో చేత్తో టీ గ్లాసు పక్కకి నెట్టబోయింది, అది ఒలికి రోస్లాన్ జవాబుల కాగితం తడిసింది. దాన్ని తీసే ప్రయత్నం కూడా చెయ్యలేదు. పిల్లని ఎత్తి భుజాన వేసుకుని తలుపు దగ్గరికి వెళ్ళి లోపల్నించి గడియ పెట్టింది.

"అమ్మాయ్," అంది తిరిగొచ్చి, గొంతు తగ్గించి. "నీ వీసా నా చేతిలో లేదు. అతను సంతకం వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో నేను చెప్పలేను. అబద్ధం చెప్పను నీకు."

"తెలుసు మేడమ్."

పిల్ల లేచి ఏడుపు అందుకుంది. బయట బెంచీ కిర్రుమంది. అడుగుల చప్పుడు. తలుపు మీద వేళ్ళ ముణుకులు, ముందు మర్యాదగా, తర్వాత అరచేత్తో.

"అయిపోయిందా మేడమ్? పిల్ల ఏడుస్తోంది. ఏయ్ సుహైనీ! ఏం చేస్తున్నావే లోపల? తలుపు తియ్!"

ఫరీదా ఆమె వైపు చూసింది. "తియ్యనా?"

సుహైనీ చేతులు చాచి పిల్లని తీసుకుని గుండెకి హత్తుకుంది. నడికట్టు కాళ్ళకి చుట్టుకుని ఉంది. తలుపు అదురుతోంది.

"వద్దు," అంది.